వెంట ఉన్నవారి పేరు

మూడో చుక్క కంట్లో పడింది. చల్లగా మొదలై మండింది. రెప్ప మీద దూది అద్ది, ఇంకో అరగంటలో కంటిపాప పూర్తిగా విచ్చుకుంటుంది, అప్పటిదాకా ఈ చిన్న కుర్చీలో చిన్నగా కూర్చోండమ్మా అని చెప్పి నర్సు పిల్ల వెళ్లిపోయింది. ఈ బెల్‌ఫాస్ట్ వాళ్లకి అన్నీ చిన్నవే, చిన్న చుక్క, చిన్న కుర్చీ, చిన్న కాగితం, చిన్న సంతకం, మనిషి చచ్చినా చిన్నగా చచ్చిపోయిందంటారు కాబోలు అనుకుంది నోనీ క్రౌలీ. కుర్చీ ఏమీ చిన్నది కాదు. వెనక్కి వాలితే పాదాలు నేలకి అందవు, కదిలితే తొడుగు కిర్రుమంటుంది. అందుకే ఆమె కదలకుండా కూర్చుంది, డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చాక కుర్చీ చేత కూడా మాటలు పడే ఖర్మ తనకి లేదు. ఎదురుగా గోడ ఉండాలి. తెల్లగా ఏదో ఉంది, గోడే అయ్యుంటుంది. గోడ ముందు బూడిదరంగు ముద్దలు ఏడెనిమిది, అవన్నీ తనతో పాటు పొద్దున ఆరింటికి బస్సెక్కిన కార్క్ జిల్లా ముసలివాళ్లు, కోట్లు విప్పకుండా, సంచులు ఒళ్లో పెట్టుకుని, ఎవడో ఎత్తుకుపోతాడన్నట్టు పట్టుకుని. ఏముంటాయి ఆ సంచుల్లో, పళ్లసెట్టు పెట్టుకునే గిన్నె, గుడ్డుముక్కల రొట్టె, మేరీమాత బొమ్మ.

చిన్నది కానిది ఇంకొకటి ఉంది ఇక్కడ, ఫారం రెండో పేజీలో ఒక గడి. వెంట ఉన్నవారి పేరు. ఆ గడిలో నోనీ బయల్దేరకముందే మేనకోడలు అని రాయించి ఊరుకుంది. పేరు లేదు, ఫోను నంబరు లేదు. ముప్పై ఆరేళ్లు పోస్టాఫీసు నడిపిన మనిషి ఆమె, పింఛను ఫారాలు, కుక్క లైసెన్సు ఫారాలు, పశువుల లెక్క ఫారాలు, ఒక్కటి కూడా ఎవడూ చదవగా చూడలేదు, ముద్ర గుద్దడం, అవతల పడెయ్యడం. గడి నిండితే చాలు, దేంతో నిండిందో ఎవడికి కావాలి. ఆ ధీమాతోనే వచ్చింది. తీరా చూస్తే ఈ ఊరివాళ్లు ఫారాలు చదువుతారు. ఆ నర్సు పిల్ల బల్ల దగ్గర వేలు పెట్టి మరీ చదివింది, మీ మేనకోడలు ఏ బండికి వస్తున్నారమ్మా అంది, డబ్లిన్ నుంచి రైల్లో అంది నోనీ, తడబడలేదు, మనియార్డరు రాలేదని మొహం మీద చెప్పినంత సులువుగా చెప్పింది. "రాగానే ఒకసారి నా దగ్గరికి పంపండి. చూపున్న కన్ను మీకు ఒక్కటే కదా, దానికి కట్టు కట్టేస్తే రేపు పొద్దుటిదాకా మీకు ఏమీ కనబడదు. వెంట మనిషి లేకుండా డాక్టరు గారు కత్తి పట్టుకోరు," అంది ఆ పిల్ల. కసిరినట్టు కాదు, మెత్తగా. అదీ నోనీకి నచ్చనిది. కసిరితే తిరిగి కసరొచ్చు. అంతటితో ఊరుకోకుండా, కెర్రీ నుంచి ఒకావిడ ఖాళీ దొరుకుతుందేమోనని పొద్దుటి నుంచి కూర్చుని ఉంది పాపం అని కూడా అంది. కెర్రీ ఆవిడట. కన్ను బాగుచేసినా కెర్రీలో చూడ్డానికి ఏముందని, వాన తప్ప.

డింప్నాకి ఫోను చెయ్యలేదు. పోయిన తమ్ముడి కూతురు, ఉన్న ఒకే ఒక్క రక్తసంబంధం, అడిగితే రానంటుందని కాదు. వస్తుంది. ఎగిరి గంతేసి వస్తుంది, అయ్యో అత్తా, ఇంతకాలం చెప్పలేదేం అత్తా అంటుంది, కుక్కపిల్లతో మాట్లాడే గొంతు ఒకటి పెట్టుకుంది ఆ పిల్ల, డబ్లిన్‌లో నేర్చుకుంది, ఆ గొంతుతో ఆస్పత్రంతా వినబడేలా, మా అత్తకి చెవులు బాగానే వినిపిస్తాయండీ అని కూడా చెబుతుంది. ఆ గొంతు కంటే గుడ్డితనం నయం అని నాలుగు వారాలు అనుకుంటూ వచ్చింది నోనీ. ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుంటే మాత్రం అది అంత నిజంగా అనిపించడం లేదు. ఎడమకన్ను తొమ్మిదో ఏట ముళ్లపొదలో పోయింది. దానితో ఆమెకి పేచీ లేదు, కుడికన్ను ఒక్కటే ఇద్దరి పనీ చేసింది, కవరు మీద చేతిరాత చూసి ఎవరు రాశారో, ఎలాంటి మూడ్‌లో రాశారో చెప్పేది. ఆ కంటికి శుక్లం పట్టి నాలుగేళ్లు. లోకం మీద ఎవడో పాలు ఒలకబోసినట్టు మొదలైంది, రోజురోజుకీ ఆ పాలు చిక్కబడ్డాయి. కప్పు పక్కన టీ పోసుకుంది. కోళ్లగూడు తట్టుకుని పడి మోకాలు పగలగొట్టుకుంది. జిల్లా నర్సు రెండుసార్లు వచ్చి వృద్ధాశ్రమం కాగితం బల్ల మీద పెట్టి పోయింది, రంగురంగుల కాగితం, గుడ్డిదానికి రంగుల కాగితం. ఆ కాగితంతో నోనీ పొయ్యి రాజేసింది. కానీ మూడోసారి వచ్చినప్పుడు రాజెయ్యడానికి అగ్గిపుల్ల ఎక్కడుందో కనబడకపోతే, అప్పుడు ఏం చెయ్యాలి. కన్ను పోతే ఇల్లు పోయినట్టే. కొండ మీది ఆ ఇంట్లో, తన కుర్చీలో, తన రేడియో పక్కన చావాలంటే ఈ కన్ను కావాలి. అంతే, ఇంకేమీ అక్కర్లేదు ఆమెకి.

సొంత దేశంలో నాలుగేళ్లు క్యూలో ఉంచారు. ఇంకో రెండేళ్లు పట్టొచ్చని ఉత్తరం వచ్చింది, ఊళ్లో ఉండే గాబ్నెట్ లూసీ చదివి వినిపించింది, చదువుతూ మధ్యలో ముక్కు చీదింది. అదే సరిహద్దు దాటి ఇంకో రాజ్యంలో చేయించుకుంటే నాలుగు వారాలు, ఖర్చంతా మన సర్కారే పెట్టుకుంటుందట. మన డబ్బుతో మనమే మన ఆస్పత్రిలో చేయించుకోకూడదు, ఏడు గంటలు బస్సులో ఎముకలు కుదిపించుకుని, ఇంగ్లీషు రాణీగారి బొమ్మ గోడకి తగిలించుకున్న ఊరికి వచ్చి చేయించుకోవచ్చు. ఏ బుర్ర ఆలోచించిందో ఇది. బుర్ర ఉన్నది ఆలోచించలేదని మాత్రం ఖాయం. ఈ ఏర్పాటులో బాగుపడింది ఒక్కడే, వాళ్ల జిల్లా ఎంపీ, డెప్యూటీ ఫిన్‌బార్ కియోహేన్, పార్లమెంటులో నోరు విప్పగా ఎవరూ వినలేదు కానీ బస్సు మాత్రం పెట్టాడు. కళ్ల బస్సు. బస్సు మీద పెద్ద అక్షరాలతో తన పేరు రాయించుకున్నాడు, లోపల కూర్చునే వాళ్లలో ఒక్కరికీ కనబడదని తెలిసీ. వాడి ఉత్తరాలు ఆమెకి కంఠతా వచ్చు, తమరికి ఫలానాది మంజూరు చేయించగలిగినందుకు సంతోషిస్తున్నాను అని ఎనభై ఇళ్లకి ఎనభై ఉత్తరాలు, అన్నీ ఒకటే రాత, ఆ మంజూరు వాడు పుట్టకముందే చట్టంలో ఉన్నదే. ఊరు రెండుగా చీలి తుపాకులు పట్టుకున్న ఏడు వాడి తాత ఒక పక్క, నోనీ నాన్న ఇంకో పక్క. ఆ తరవాత క్రౌలీల ఓటు ఒక్కటి కూడా కియోహేన్ల పెట్టెలో పడలేదు. ఇవాళ పొద్దున చీకట్లో బస్సు మెట్టు దగ్గర నిలబడి అందరికీ చేతులిచ్చాడు. ఆమె చెయ్యి కూడా దొరకబుచ్చుకున్నాడు, నోనీ, నీకోసం స్వయంగా మాట్లాడాను అన్నాడు. మాట్లాడే ఉంటాడు, డ్రైవరుతో.

సరిహద్దు ఎక్కడ దాటారో కూడా తెలియలేదు. నాన్న బతికున్నన్నాళ్లూ ఇంగ్లీషువాళ్ల కింద ఉండిపోయిన ఈ ఉత్తరపు ముక్కని పేరు పెట్టి పిలవలేదు, ఆ ఆరు జిల్లాలు అనేవాడు, అప్పు ఎగ్గొట్టిన బంధువుల ప్రస్తావన వచ్చినట్టు, అక్కడ ఇనప కంచె ఉంటుందని, సిపాయిలు ఉంటారని, ఒకనాడు ఆ కంచె పీకడానికి పోతానని. తీరా పోయేసరికి కంచె లేదు, సిపాయి లేడు, బస్సు చప్పుడు కాస్త మారింది, రోడ్డు నున్నగా అయింది, ముందు సీట్లోంచి కన్సెప్టా లేచి, అందరికీ స్వాగతం, దాటేశాం అంది. కన్సెప్టా డెప్యూటీ ఆఫీసు మనిషి. బస్సులో హాజరు పిలిచేది, మూత్రానికి ఎక్కడ ఆగాలో నిర్ణయించేది ఆమే. దాటేశాం అనగానే గాబ్నెట్ జపమాల తీసి ప్రార్థన మొదలెట్టింది, ఆరు జిల్లాలు క్షేమంగా దాటాలని కాబోలు, బస్సంతా గొణుగుతూ అందుకుంది, నోరు కదపని వాళ్లు ఇద్దరే ఉంటారని నోనీకి చూడకుండానే తెలుసు. ఒకటి తను. రెండోది మూడు సీట్ల వెనక కూర్చున్న మనిషి. గొంతు సవరించుకుంటే బండి ఇంజను మొరాయించినట్టుండే మనిషి. ఆ మనిషి సంగతి ఆమె ఆలోచించదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆలోచించలేదు, రోజూ పొద్దున లేవగానే ఒకసారి ఆలోచించలేదు, పడుకోబోయే ముందు ఒకసారి ఆలోచించలేదు.

అరగంటలో పది నిమిషాలు అయిపోయి ఉంటాయి. తెలుపు ఇంకా తెల్లబడింది. దీపాలు పగిలి ముక్కలై కంట్లో పడుతున్నట్టుంది. ఎవరినో ఒకరిని అడగాలి. అడగడం అంటే ఏమిటో ఆమెకి తెలియనిది కాదు, ముప్పై ఆరేళ్లు కౌంటరు అవతలి నుంచి చూసింది, టోపీ చేత్తో పట్టుకుని, నోనీ, ఈ ఫారం కాస్త రాసిపెట్టవూ, నోనీ, వాడికి చెప్పకు కానీ, నోనీ, రేపు ఇస్తా. రాసిపెట్టింది. చెప్పలేదు. ఇచ్చింది. ప్రతిసారీ లోపల ఛీ అనుకుంది. ఆ ఛీ ఇప్పుడు ఈ గదిలో ఎవరో ఒకరి లోపల పుట్టాలి, అదే కదా. సరే, ఎవరి లోపల పుట్టాలి. కన్సెప్టాని అడిగితే క్షణంలో సంతకం పెడుతుంది, ఇప్పటికే ఇద్దరికి పెట్టిందట. కానీ సాయంత్రానికి డెప్యూటీకి ఫోను పోతుంది, వచ్చే ఎన్నికల్లో ఇంటింటికీ తిరిగి చెబుతాడు, క్రౌలీల పిల్లని చెయ్యి పట్టుకుని నడిపించింది మేమేనని. నాన్న గోతిలో అటు తిరిగి పడుకుంటాడు. గాబ్నెట్‌కి ఇవాళ తన కంటి కట్టే తనకి చాలు, ఆమె వెంట కూతురొచ్చింది, ముప్పై ఏళ్లు బడిపంతులమ్మగా చేసి అందరినీ ఒకటో తరగతి పిల్లలనుకునే మనిషి. వచ్చిన దగ్గర్నుంచి తల్లిని నిలబడు, కూర్చో, ఊపిరి పీల్చు అంటోంది. ఊపిరి పీల్చమని చెప్పించుకోవడానికి నోనీ ఇంత దూరం రాలేదు. గాబ్నెట్‌కైతే నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు సంగతి కూడా ఊరంతా చాటింది ఆవిడే.

ఆ రోజు. జనవరి ఇరవై. ఆ ఇంజను గొంతు మనిషి పెళ్లాం సిస్ టూమీ చచ్చిపోయిన రోజు. సిస్ మంచిది, అంత మంచి మనిషి ఆ ఇంట్లో ఎలా మనిందో తెలియదు, ముప్పై ఒక్క ఏళ్లూ మొగుడి కళ్లుగప్పి క్రిస్మస్‌కి నోనీ గుమ్మంలో కేకు పెట్టిపోయింది, నోనీ ఆ పళ్లేన్ని కడిగి కంచె మీద పెట్టేది, మాట లేదు, పలుకు లేదు. అందుకని చర్చికి పోయింది. వెనక బెంచీలో కూర్చుని, దణ్ణం పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా వచ్చెయ్యాలనుకుంది. ప్రార్థన అవగానే జనం లేచారు, అందరూ వరసగా ముందుకి నడిచి, శవపేటిక పక్కనున్న కుటుంబం వాళ్లకి చేతులిచ్చి, మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది అని ఒక మాట అని పక్క తలుపులోంచి పోవాలి, అది అక్కడి పద్ధతి, బద్ధశత్రువు చావుకి పోయినా ఆ వరసలో నిలబడ్డాక వెనక్కి తిరగడానికి లేదు. పాల గుడ్డితనం, తోపులాట, నోనీ వరసలోకి ఎప్పుడు పడిందో ఆమెకే తెలియదు. ఒక చెయ్యి, మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది, ఇంకో చెయ్యి, మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది, ఆ తరవాత ఇంకో చెయ్యి. బయటికొచ్చాక గాబ్నెట్ మోచేతి మీద పొడిచి, "బ్యాట్‌కి చెయ్యిచ్చావే నోనీ, దేవుడు చూశాడు," అంది. తల కొట్టేసినట్టయింది. డెన్నీ అనుకున్నా అంది నోనీ, కళ్లు కనబడక తమ్ముడనుకుని అన్నకిచ్చా అంది. ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడే గాబ్నెట్ చేత డెప్యూటీ ఆఫీసుకి ఫోను చేయించి బస్సులో పేరు రాయించుకుంది. ఒక కన్ను చేసిన తప్పు ఇంకోసారి జరగకూడదని.

పగ గేటు గురించి. వినేవాళ్లకి నవ్వొస్తుంది, గేటు గురించి ముప్పై ఏళ్లా అని. కొండ మీది క్రౌలీల ఇంటి నుంచి చర్చి దాకా ఒక కాలిబాట ఉంది, టూమీల పొలం మధ్యలోంచి. ఎవరి తాతలు ఎప్పుడు నడిచి వేశారో తెలియదు, క్రౌలీలు పెళ్లికి ఏ దారిన పోయినా పోవచ్చు కానీ చావుకి ఆ బాటే. పెట్టె భుజాల మీద పెట్టుకుని ఆ బాట దిగి పోవాలి, తాత అలాగే పోయాడు, నాన్న అలాగే పోయాడు. దూడలు పారిపోతున్నాయని బ్యాట్ టూమీ ఆ బాట మీద గేటు పెట్టాడు, దానికి గొలుసు వేశాడు, తాళం వేశాడు. పెట్టుకో, దూడలు నీవి. కానీ అమ్మ పోయిన రోజు, అక్టోబరు, రాతిగోడలు కూడా తడిసి ముద్దయ్యే వాన, ఆరుగురు మోస్తున్న పెట్టె ఆ గేటు దగ్గరికి వచ్చి ఆగింది. తాళం. వాడు తాళంచెవి జేబులో వేసుకుని మాక్రూమ్‌లో పశువుల సంతకి పోయాడు. ఊళ్లో చావున్న రోజున. సిస్ వాకిట్లోకి పరిగెత్తుకొచ్చి ఏడ్చింది, గొడ్డలి కోసం వెతికింది. గొడ్డలి అక్కర్లేదు అంది నోనీ. పెట్టెని వెనక్కి తిప్పించింది. తారురోడ్డు మీదుగా చుట్టూ రెండు మైళ్లు, వానలో, మోసేవాళ్లు మారి మారి, అమ్మ పరాయిదానిలా పరాయి దారిన పోయింది. మర్చిపోయాడని సిస్ చెప్పి పంపింది. మర్చిపోయి ఉంటే వచ్చి చెప్పాలి. చావింటికి రావాలి, చెయ్యివ్వాలి, అందరూ అనే ఆ ఒక్క మాట అనాలి, తాగుబోతులు కూడా అంటారు, డెప్యూటీ కూడా అంటాడు. వాడు రాలేదు. మూడో నాడు గేటు తీసేశాడు, కీళ్లతో సహా పీకి పారేశాడు, మాట మాత్రం రాలేదు. గేటు లేని ఆ బాట మీద నోనీ ముప్పై ఒక్క ఏళ్లుగా కాలు పెట్టలేదు.

సిస్ చావు తరవాత వారాల తరబడి కాచుకుంది. వాడు సారాకొట్లో చెబుతాడని, క్రౌలీల నోనీ వంగి నా చెయ్యి పట్టుకుందని నవ్వుతాడని, ఆ నవ్వు కొండెక్కి తన గుమ్మం దాకా వస్తుందని. రాలేదు. ఒక్క ముక్క రాలేదు. వాడు నోరు మూసుకున్నందుకు వాడి మీద ఇంకా మండింది. ఎవడడిగాడు వాణ్ణి దయ చూపించమని. దయ చూపించడానికి వాడెవడు. ఇప్పుడిదుగో మూడు కుర్చీల అవతల, తమ్ముడు డెన్నీకి వెంట మనిషిగా వచ్చి కూర్చున్నాడు, డెన్నీని ఇందాకే లోపలికి తీసుకుపోయారు, అంటే ఆ కుర్చీల వరసలో వాడూ తనూ మాత్రమే మిగిలారు, మధ్యలో రెండు ఖాళీ కుర్చీలు. గొంతు సవరించుకున్నాడు. అదే ఇంజను. గొర్రెల మందు వాసన, తడి ఉన్ని వాసన, ఏడు గంటల ప్రయాణంలో కూడా పోలేదు. ఛీ, అనుకుంది నోనీ. అనుకున్న మరుక్షణం ఆ ఛీ ఎక్కడికీ పోకుండా గాల్లో తిరిగి తన దగ్గరికే వచ్చింది, ఎందుకంటే ఈ తెలుపులో కూర్చుని, ఎవరి మొహమూ కనబడని చోట, ఎవరికీ తన మొహమూ కనబడదనిపించే చోట, తనకి తాను అబద్ధం చెప్పుకోవడం బొత్తిగా దండగ.

డెన్నీ అనుకోలేదు. ఆ చెయ్యి తగలగానే తెలిసింది. పన్నెండో ఏట టర్నిప్ దుంపలు కోసే చక్రంలో పెట్టి చూపుడువేలు రెండు కణుపులు పోగొట్టుకున్నాడు బ్యాట్, ఆ మొండివేలు చూపించి బళ్లో ఆడపిల్లల్ని బెదిరించేవాడు, అందరూ కెవ్వుమనేవారు, ఏదీ చూడనీ అని దగ్గరికి పోయి ఉన్న ఒక్క కన్నూ పెట్టి పరీక్షగా చూసింది నోనీ ఒక్కతే. నీకు వేలు తక్కువ, నాకు కన్ను తక్కువ, చెల్లుకి చెల్లు అన్నాడప్పుడు. ఆ వేలుని గుర్తుపట్టడానికి కళ్లెందుకు. చర్చిలో ఆ మొండివేలు తన అరచేతిలో తగిలింది. లాక్కోవచ్చు. లాక్కోలేదు. మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది అంది, మిగతా వాళ్లకి అన్నదానికంటే మెల్లగా అంది, సిస్ కోసం అంది, పళ్లేల కోసం అంది, వాడి చెయ్యి వణుకుతోంది కనక అంది. శుక్లం అడ్డుపెట్టుకుని అంది. తరవాత ఊరందరి ముందూ అదే శుక్లం మీద నెట్టేసింది. అసహ్యం. డెప్యూటీ ఉత్తరాల కంటే అసహ్యం, వాడి అబద్ధానికి కనీసం సంతకం ఉంటుంది. ఇంకో సంగతి కూడా, నాలుగు వారాలుగా ఆమె పక్కకి నెట్టేస్తూ వచ్చింది అది, తన వేలు తనకి తెలియదా బ్యాట్‌కి. ఆమెకి తెలిసిందని వాడికి తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాడు.

అడుగుల చప్పుడు. రబ్బరు బూట్లు, కాగితాలు. "హనోరా క్రౌలీ గారూ, మీ మేనకోడలు వచ్చారా అమ్మా?" అని కాగితం మీదున్న పూర్తి పేరు పెట్టి అడిగింది నర్సు పిల్ల. రైలు ఆలస్యం అని నాలుక చివర దాకా వచ్చింది. బతికినన్నాళ్లూ ఇలాంటి వాటితో కౌంటరు అవతలి వాళ్లని సాగనంపింది. "రాదు. దానికి చెప్పలేదు," అంది నోనీ. పిల్ల కాగితం తిరగేసింది. కాగితం తిరగేసిన చప్పుడు నోనీకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆ పిల్ల తలెత్తి కెర్రీ ఆవిడ పేరు పిలుస్తుంది, తను ఈ తెలుపుతోనే బస్సెక్కుతుంది, జిల్లా నర్సు మూడోసారి వస్తుంది, అగ్గిపుల్లలు కనబడవు. రాణీగారి బొమ్మ ఉన్న గోడ, ఫారాలు చదివే ఊరు, మూడు కుర్చీల అవతల తడి ఉన్ని వాసన. కుర్చీ కిర్రుమంది. అననీ.

"బ్యాట్ టూమీ," అంది.

ముప్పై ఒక్క ఏళ్ల తరవాత ఆ పేరు పైకి అనడం, గొంతు తుప్పు పట్టిన తలుపులా పలికింది, గాబ్నెట్ జపమాల ఎక్కడో గలగలలాడి ఆగిపోయింది, ఆగాలి మరి, ఇంత మేత దానికి ఏడాది పాటు దొరకదు. అవతలి నుంచి ఏమీ లేదు. వినబడలేదేమో, చెవిటివాడయ్యాడేమో, లేకపోతే వాడు కూడా కాచుకున్నాడేమో ఇన్నాళ్లూ, ఆమె అడిగే రోజు కోసం, లేదనే సుఖం కోసం. అదీ న్యాయమే. తనైతే లేదనేది. కచ్చితంగా అనేది. "నిన్నే. ఒక కాగితం మీద నీ పేరు రాయాలి. రేపు పొద్దుటిదాకా నాకేమీ కనబడదు, ఎవరో ఒకరు పట్టుకుని నడిపించాలట. నీకు పని ఉంటే చెప్పు, సంతకి గింతకి పోవాలంటే," అంది నోనీ. ఆ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది. అనకుండా ఉండటం ఆమెకి చేతకాదు.

కుర్చీ కిర్రుమంది, అతనిది. బూడిదరంగు ముద్ద ఒకటి తెలుపులోంచి లేచి పెద్దదైంది. నర్సు పిల్ల, మీరు ఆవిడకి ఏమవుతారండీ అని అడిగింది, గడిలో అది కూడా రాయాలట. గొంతు సవరించుకున్నాడు. చాలాసేపు సవరించుకున్నాడు. "గేటు అవతలి వాణ్ణి," అన్నాడు. పొరుగువారన్నమాట అని ఆ పిల్ల రాసుకుంది. కలం ఇచ్చినట్టుంది, గీరుతున్న చప్పుడు, నెమ్మదిగా, వేలు తక్కువ చెయ్యి కదా, ఆ చేతిరాత వేల కవర్ల మీద చూసింది ఆమె, వంకరటింకర, కింద పడిపోతున్నట్టు రాస్తాడు. అక్షరాలు కలిసిపోకుండా రాయి, ఈ ఊళ్లో చదువుతారు అంది. ఊఁ అన్నాడు. పిల్ల కాగితాలు సర్దుకుంది. లోపలికి వెళ్లిపోదామా చిన్నగా అంది. నోనీ లేచి నిలబడింది. ఆమె చెయ్యి చాపింది, ఎటు చాపుతోందో తెలియకుండా, తెలుపులోకి. ఆ చేతిని ఇంకో చెయ్యి అందుకుంది. మొండివేలు అరచేతిలో, ఉన్న చోటే ఉంది.

"నీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది, నోనీ," అన్నాడు బ్యాట్.

అయ్యయ్యో, అంత మాటెందుకు, ఇదేం చావా, చిన్న ఆపరేషనే కదా అంటూ నర్సు పిల్ల నవ్వింది. ఆ పిల్లకేం తెలుసు. ఆ మాట ఎవరికో నోనీకి తెలిసింది. అక్టోబరు వాన, తిరిగిపోయిన పెట్టె, చుట్టూ రెండు మైళ్లు. ఒక్క పొలం దాటి రావడానికి ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది ఆ మాటకి, అదీ వేరే రాజ్యానికి తీసుకొచ్చి, గుడ్డిదాన్ని చేసి కూర్చోబెడితే వచ్చింది. మందకొడి వెధవ. కంట్లోంచి ఏదో జారింది, చుక్కల మందే కావచ్చు, ఆ పిల్ల మూడు చుక్కలు వేసింది మరి. నోనీ తుడుచుకోలేదు. ఒక చెయ్యి ఖాళీ లేదు, రెండో చేత్తో సంచి పట్టుకుంది.

"మా అమ్మతో చెబుతాలే," అంది. "నడు. నెమ్మదిగా నడు, నాకు కనబడదు."